ఈక చెప్పు సాక్ష్యము

అనంతపురము సీమవారికి కఱవునుగూర్చి వేఱొకరు చెప్పవలసిన పనిలేదు. సంవత్సరమునకు సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వానతో బ్రదుకీడ్చు ఈ మెట్టనేలమీద పచ్చదనము కొలదికాలమే నిలుచును. అయినను కన్నులు గలవారికి ఇచ్చట రంగులకు కొదువలేదు. వేరుసెనగచేని గట్టున తుమ్మకొమ్మపై మందముగా కూర్చున్న పాలపిట్ట ఎగిరినంతనే దాని ఱెక్కలలోని నీలము మెఱయును. గుట్టల యోరను నెమలి కూయును. చిలమత్తూరు మండలములోని వీరాపురమున, ఇండ్లనడుమ చింతచెట్లమీద కొంగలు గూళ్లు కట్టి పిల్లలను సాకును. ఈ పక్షులన్నిటికిని ఉమ్మడిసొత్తు ఒకటి గలదు, అదియే ఈక. నేడు జీవించియున్న ప్రాణులలో పక్షికి దప్ప మఱియే జంతువునకును ఈక లేదు. గబ్బిలము ఎగురును గాని దానికి ఈక లేదు. నిప్పుకోడి ఎగురజాలదు గాని దానికి ఈకలున్నవి. కావున పక్షిని పక్షిగా నిర్ణయించునది ఎగురుట కాదు, ఈకయే యని మొదట తెలియవలెను.

మేము వృత్తిచే న్యాయవాదులము. నోటిమాటకంటె దస్తావేజునకు విలువ యెక్కువయని న్యాయస్థానములలో నేర్చినవారము. ఈక యట్టి దస్తావేజు. దానిని ధరించిన పక్షి చిన్నదో పెద్దదో, అది పెరిగిన దినములలో పక్షికి మేత దొరకినదో లేదో, దాని వంశము ఎంత ప్రాచీనమో, అంతయు దానియందే వ్రాయబడియున్నది. ఆ వ్రాతను చదువ నేర్చినచో ఈకలనుగూర్చియు పక్షులనుగూర్చియు మన యిండ్లలో వ్యాపించియున్న నమ్మకములలో నిలుచున వేవో నిలువని వేవో తమంతట తామే తేలును. ఆ చదువునకు తోడ్పడుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

1. ఈకయొక్క నిర్మాణము

మన బాలబాలికలు నెమలీకను పుస్తకములో దాచి, పెన్సిలుపొట్టు మేతగా వేసి, అది పిల్లలు పెట్టునని కాచుకొనియుందురు. ఇది నిర్దోషమైన ముచ్చటయే. కాని "ఏల పెట్టదు?" అని ఆ బిడ్డ యడిగిననాడు నవ్వి యూరకుండుట పెద్దల ధర్మము కాదు. పెరుగుదల ముగిసిన ఈకలో ప్రాణము లేదు. మన గోరువలెను వెండ్రుకవలెను అదియు కెరటిన్ అను గట్టి పదార్థముతో నిర్మింపబడినది. ప్రాణమున్నది చర్మములో, ఈక మొలిచిన కూపములో. ఆ కూపము నడుగున ఉంగరమువలె కణముల వరుస యుండును. ఆ కణములు విభజనము నొందుచు, పాతవానిని పైకి నెట్టుచు, గొట్టమువలె పెరుగును. పెరుగునంతకాలము ఆ గొట్టములో నెత్తురు ప్రవహించుచుండును. కోడిపిల్లల ఱెక్కలమీద ముండ్లవలె పొడుచుకొనివచ్చు లేతయీకలను చూచినవారు దీని నెఱుగుదురు. ఈక పూర్తిగా పెరిగిన పిమ్మట నెత్తురు వెనుకకు మరలును. పైతొడుగు పొట్టువలె రాలిపోవును. మిగిలినది ప్రాణములేని యంత్రము. కాని యెంతటి యంత్రము!

నడుమ నొక కాడ. కాడకు ఇరువైపుల పోగులు. ప్రతిపోగునకును మఱల చిఱుపోగులు. ఆ చిఱుపోగుల కొనలను కొక్కెములు. ఒక పోగు కొక్కెములు ప్రక్కపోగును పట్టుకొనుటచేత ఈక గాలిని సులువుగా చొరనీయని పలకయగును. ధర్మవరపు మగ్గముమీద పడుగుపేకలు కలసి వస్త్రమగునట్లే ఇదియు నగును. కాని వస్త్రము చిరిగినచో తానై యతుకుకొనదు. ఈక విడిపోయినచో పక్షి ముక్కుతో నొకసారి దువ్వినంతనే కొక్కెములు మఱల తగులుకొనును. శరీరమున కంటియుండు నూగుటీకలలో ఈ కొక్కెములు లేవు. అందుచే అవి దూదివలె గాలిని బంధించి వెచ్చదనమును నిలుపును. అనేకపక్షులలో ఈకల మొత్తము తూకము ఎముకలగూటి తూకమును మించియుండును. పక్షి తన ఎముకలకంటె ఎక్కువ బరువును ఈకలకే యిచ్చినదన్నచో వాని యవసర మెంతటిదో యూహింపవచ్చును.

2. ఈకలు రాలుట, మొలచుట

ప్రాణములేని వస్తువు తన గాయమును తాను మాన్పుకొనజాలదు. ఎండచేతను, దుమ్ముచేతను, ముండ్లకంపల యొరపిడిచేతను, ఈకలను తిను పురుగులచేతను అది అరగిపోవును. కావున సర్పము కుబుసము విడుచునట్లు పక్షియు పాతయీకలను విడిచి క్రొత్తవి ధరించును. చాలవఱకు పక్షులలో ఇది సంవత్సరమున కొకసారి జరుగును, కొన్నిట రెండుసార్లు, మిక్కిలి పెద్దపక్షులకు ఱెక్కలన్నియు మార్చుటకు సంవత్సరమునకు మించియు పట్టును. కూపములో క్రొత్తయీక పెరుగుచు పాతదానిని వెలికి నెట్టును.

అయితే సర్పమువలె పక్షి యంతయు నొక్కసారి విడువదు. విడిచినచో ఎగురుట యెట్లు? ఎడమఱెక్కనుండి యే యీక రాలునో కుడిఱెక్కనుండియు ఇంచుమించుగా అదే కాలమున ఆ స్థానమందలి యీకయే రాలును. అవి పెరుగుచుండగా తరువాతివి రాలును. ఇట్లు తక్కెడ తప్పక పని సాగును. బాతులును హంసలును మాత్రము ఱెక్కలలోని యెగురు ఈకల నన్నిటిని ఒక్కుమ్మడిగా విడిచి కొన్ని వారములు నేలకు కట్టువడియుండును. శీతకాలమున హిమాలయములు దాటి దక్షిణదేశపు చెఱువులకు వచ్చు చారలతల బాతులు ఈ పనిని మధ్య ఆసియాలోని సరస్సులయొద్దనే ముగించుకొని, క్రొత్తఱెక్కలతో ప్రయాణమై వచ్చును.

ఈకలను పుట్టించుటకు మాంసకృత్తులు విశేషముగా కావలెను. అందుచే గ్రుడ్లుపెట్టుట, దూరప్రయాణము, ఈకలు మార్చుట అను మూడుపనులను పక్షి సాధారణముగా వేర్వేఱు ఋతువులలో పెట్టుకొనును. ఇది పేదకాపు పెండ్లిని, బావి త్రవ్వకమును ఒకే యేట పెట్టుకొనకుండుటవంటిది. నెమలి వానకాలమున జతగూడును. వానలు వెనుకబట్టగనే మగనెమలి తన పింఛమును రాల్చివేయును. సుమారు 150 ఈకలుగల ఆ పింఛము నిజమునకు తోక కాదు. తోకను పైనుండి కప్పు ఈకలే యట్లు సాగినవి. అసలుతోక పొట్టిదై దానిక్రింద దాగియుండును. పింఛము రాలుట రోగమునుగాదు, శోకమునుగాదు; మఱుసటి యేటికి సిద్ధపడుట. మగనెమలి కన్నీరు త్రాగి ఆడనెమలి గర్భము ధరించునను మాట చదువుకొన్నవారి నోటను నేటికిని వినవచ్చుచున్నది. ఇంటి కోళ్లు జతగూడినట్లే నెమళ్లును జతగూడును. చూచినవారు అనేకులు గలరు.

ఈక వయస్సును తెలుపు పత్రము కూడ. వీరాపురమునకు వచ్చునవి పసుపుముక్కు గల ఎఱ్ఱకాళ్లకొంగలు. వాని పిల్లలకు మొదట తెల్లని నూగు వచ్చును. ఎగురనేర్చునాటికి మాసిన గోధుమరంగు ఈకలు వచ్చును. ఱొమ్ముమీది నల్లపట్టెయు, వెనుకభాగమున గులాబిచెఱగును ఏర్పడుటకు రెండుమూడేండ్లు పట్టును. ఆ చెఱగును చూచి ఈ పక్షి పెద్దదైనదని నిర్ణయింపవచ్చును.

ఇంతకంటెను వింతయైనది మఱియొకటి. రాలిన యీకను వెలుతురున కొంచెము వాల్చి చూచినచో అడ్డముగా సన్నని చారలు కానవచ్చును. ఒక్కొక్క చారజోడు సాధారణముగా ఒక్కొక్క దినమున పెరిగిన భాగము. 1989లో థామస్ గ్రబ్ అను అమెరికా పండితుడు ఈ చారలను కొలిచి పక్షి తిన్న తిండిని తెలిసికొను పద్ధతిని ప్రకటించెను. మేత బాగుగా దొరకిన దినమున చార వెడల్పు. దొరకని దినమున ఇఱుకు. ఆపద మిక్కుటమైనచో ఆచోట పోగులు సరిగా ఏర్పడక బలహీనమైన గీటు మిగులును. అచ్చటనే ఈక విఱుగును. కఱవును మన దస్త్రములు వ్రాసికొనుటకు మునుపే పక్షి తన యొంటిమీద వ్రాసికొనుచున్నది.

3. ఈకయొక్క పూర్వచరిత్ర

ఈక యెట్లు పుట్టినది? 1859లో డార్విను జీవజాతుల పరిణామమునుగూర్చిన గ్రంథమును ప్రకటించెను. రెండేండ్లకు, 1861లో, జర్మనీదేశపు బవేరియాలోని సోల్న్‌హోఫెన్ సున్నపురాతి గనులలో ఒక యీకముద్ర దొరకెను. హెర్మన్ ఫన్ మేయరు దానికి ఆర్కియాప్టెరిక్స్ అను పేరు పెట్టెను. తరువాత ఎముకలతోగూడ శిలాజములు బయల్పడెను. ఱెక్కలకును తోకకును పక్షియీకలు. కాని నోట పండ్లు, ఱెక్కలకు గోళ్లు, ఎముకలతోగూడిన పొడవైన తోక. సుమారు 15 కోట్ల సంవత్సరముల నాటి ఆ ప్రాణి పక్షులకును సరీసృపములకును నడుమ నిలిచిన సాక్షి. హక్స్‌లీ పండితుడు పక్షులు డైనోసార్‌ల బంధువులని నాడే వాదించెను. అది చాలకాలము తీర్పులేని వ్యాజ్యెమై యుండెను.

1996లో చైనాదేశపు లియావోనింగ్ ప్రాంతమున దొరకిన సైనోసారోప్టెరిక్స్ అను చిన్న డైనోసార్ ఆ వ్యాజ్యెమును త్రిప్పెను. దానికి ఱెక్కలు లేవు. దాని శరీరమును నూగువంటి పోగులు కప్పియుండెను. రెండేండ్లకు ప్రకటింపబడిన కాడిప్టెరిక్స్ అను జంతువునకు కాడయు పలకయుగల నిజమైన యీకలుండెను. కాని పొట్టిచేతులతో అది ఎగురజాలదు. దీనివలన తేలిన దేమన, ఈక ఎగురుటకై పుట్టలేదు. ఎగురుటకంటె ముందే పుట్టినది. వెచ్చదనమునకును, జతను ఆకర్షించుటకును మొదట ఉపయోగపడి, పిమ్మట గాలిలో తేలుటకు పనికివచ్చినది. గొఱ్ఱెలకాపరి చలికి కప్పుకొన్న కంబళినే వానకు గొంగడిగా కప్పుకొని, బరువు తగిలినపుడు మూటగా కట్టుకొనునట్లు, ప్రకృతియు ఉన్నవస్తువును క్రొత్తపనికి త్రిప్పుకొనును.

1999లో రిచర్డ్ ప్రమ్ అను పక్షిశాస్త్రజ్ఞుడు, నేటి పిల్లల చర్మములో ఈక పెరుగు విధమునుబట్టి దాని పరిణామదశలను వరుసపెట్టెను. మొదట గొట్టము; తరువాత పోగులకుచ్చు; పిమ్మట కాడకు కూర్చిన పోగులు; కడపట కొక్కెములు. చైనా శిలాజములలో ఇట్టి దశలు కొన్ని కానవచ్చినవి. ఒకరినొకరు ఎఱుగని ఇద్దరు సాక్షులు ఒకేమాట చెప్పినచో న్యాయాధిపతి దానిని తేలికగా త్రోసివేయడు. ఇచ్చట ఒక సాక్షి రాతిలోనిది, రెండవది గ్రుడ్డులోనిది. కోడిపిండమునకు ఒకానొక ద్రవ్యము నిచ్చినపుడు కాలి పొలుసులమీద ఈకలు మొలచినట్లు 1980లో ప్రకటింపబడిన పరిశోధనలును ఈ బంధుత్వమునే బలపఱచుచున్నవి.

ఈకలు మార్చు ఆచారముకూడ ప్రాచీనమే. 2020లో యోసెఫ్ కియాట్ మొదలగు పండితులు మైక్రోరాప్టర్ అను డైనోసార్ శిలాజమును పరీక్షించిరి. కాకియంత దేహముతో, చేతులకును కాళ్లకును ఱెక్కయీకలుగల ఆ జంతువు సుమారు 12 కోట్ల సంవత్సరముల క్రిందటిది. దాని ఱెక్కలో పూర్తిగా పెరిగిన యీకల నడుమ సగము పెరిగినవి కనబడెను. అనగా అదియు నేటి పాలపిట్టవలెనే ఒక్కొక్కటిగా మార్చుకొనుచుండెను. ఏడాదిపొడవునను దానికి ఱెక్కలతో పనియుండెనని ఆ పండితుల యభిప్రాయము. మన పెరటికోడి దుమ్ములో పొరలి విదిల్చిన యీక వెనుక ఇంతటి వంశవృక్షము గలదు.

4. రంగుల రహస్యము

ఈకలోని నలుపు, గోధుమ రంగులు మెలనిన్ అను వర్ణద్రవ్యమువలన కలుగును. అది రంగునే గాక బలమునుగూడ నిచ్చును. అందుచేతనే అనేక తెల్లపక్షులకును ఱెక్కకొనలు నల్లగానుండును. పసుపు, ఎఱుపు రంగులలో పెక్కు తిండినుండి వచ్చును. కాని పాలపిట్ట నీలములో నీలిమందు లేదు. బెంగుళూరునందు సర్ చంద్రశేఖర వేంకటరామన్ ఈ పాలపిట్ట యీకలనే పరీక్షించి, 1934లో పక్షుల రంగుల పుట్టుకనుగూర్చి వ్యాసము వ్రాసెను. ఆ నీలము వర్ణద్రవ్యముది కాక, ఈకపోగులలోని సూక్ష్మనిర్మాణము వెలుతురును చెదరగొట్టుటచే కలిగినదని అందు చూపెను. తరువాతి సూక్ష్మదర్శకములు ఆ పోగులలో స్పంజివంటి అతిసన్నని గాలిరంధ్రముల యమరికను బయలుపఱచినవి. నేలరాలిన పాలపిట్ట యీక కనబడినచో సూర్యునికి అడ్డముగా పట్టి చూడుడు. నీలము మాయమై మాసిన గోధుమరంగు నిలుచును. చూచి అచ్చటనే విడువుడు.

మెఱయుట యొక యుపాయమైనచో దాగుట మఱియొకటి. ఈ సీమకే చెందిన కలివికోడి అందుకు నిదర్శనము. 1848లో శాస్త్రజ్ఞులు దానికి పేరు పెట్టిరి. 1900లో హోవర్డ్ కాంప్‌బెల్ అనంతపురము ప్రాంతమున దానిని చూచెను. అటుపిమ్మట ఎనుబదియైదేండ్లు అది యెవరికిని కనబడలేదు, నశించినదనియే తలచిరి. 1986లో బొంబాయి ప్రకృతిచరిత్ర సంఘమునకు చెందిన భరత్ భూషణ్ కడపజిల్లా లంకమల ప్రాంతమున దానిని మరల కనుగొనెను. రాత్రి సంచరించు ఆ పిట్ట పొదలనడుమ ఎండుగడ్డిలో కూర్చున్నచో, దాని మట్టిరంగు ఈకలే దానిని కప్పిపుచ్చును.

5. పాలపిట్టయెడ మన ప్రవర్తన

ఇంతవఱకు విన్న సాక్ష్యముపై ఇక తీర్పు చెప్పవలసియున్నది. పాలు తక్కువయిచ్చు ఆవునకు ఈ పిట్టయీకలను గడ్డిలో కోసి పెట్టినచో పాలు పెరుగునన్న నమ్మకమువలననే దీనికి పాలపిట్టయను పేరు వచ్చెనని ఎడ్గార్ థర్‌స్టన్ 1912లో వ్రాసియున్నాడు. ఈక కెరటిన్ అని మనము చూచితిమి. పచ్చియీక పశువు కడుపున అరుగుట మిక్కిలి కష్టము. అది గోళ్లు తినిపించుటవంటిది. మూఢత్వము మనదేశమునకే పరిమితమనియు తలంపరాదు. అక్కడి స్త్రీల టోపీల యలంకారమునకై ఐరోపాకు మనదేశపు పాలపిట్టల ఱెక్కలు విశేషముగా ఎగుమతియయ్యెను. 1902లో ఆనాటి ప్రభుత్వము పక్షుల యీకల యెగుమతిని నిషేధింపవలసివచ్చెను. గడ్డిలో కోసినను టోపీలో గ్రుచ్చినను పోయినది పక్షి ప్రాణమే.

విజయదశమినాడు పాలపిట్టను చూచుట శుభమని తెలుగునాట, విశేషించి తెలంగాణమున, ఆచారము గలదు. చేలలోనికి నడచి, తీగమీదనో కొమ్మమీదనో కూర్చున్న పిట్టను దూరమునుండి చూచివచ్చుట మనోహరమైన యాచారము; దానితో మాకు వివాదము లేదు. కాని చూచుటకు నడువనొల్లనివారికై కొందఱు పండుగకు ముందే పిట్టలను పట్టి, కాళ్లు కట్టి, ఱెక్కలయీకలను కత్తిరించి, పంజరములలో వీథివీథిని త్రిప్పి డబ్బులు గొనుచున్నారు. చూపినపిమ్మట విడిచివేయుదుము గదా యని వారి సమాధానము.

ఈ సమాధానమునే ఈక త్రోసివేయుచున్నది. కత్తిరించిన యీక ప్రాణములేనిది. అది వెండ్రుకవలె మొదటినుండి సాగి పెరుగదు. దాని మోడు కూపములో నట్లే నిలిచియుండును. ఆ పిట్టకు సహజముగా ఆ యీకను మార్చుకొను వంతు వచ్చువఱకు అది యెగురజాలదు. ఆ వంతునకు నెలలు పట్టవచ్చును. మిడుతను పట్టి బ్రదుకు పక్షి, ఎగురలేక నెలలు బ్రదుకునా? పిల్లికో కుక్కకో ఆకలికో అది పాలగును. కావున ఱెక్క కత్తిరించి విడుచుట విడుచుట కాదు. శిక్షను వాయిదా వేయుటయే. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమున పట్టుటయు, ఉచ్చుపన్నుటయు వేటయను నిర్వచనములోనే చేరియున్నవి. చంపలేదను వాదము చట్టమునెదుట నిలువదు.

పిట్టను పట్టువాడు తఱచుగా పేదవాడు. అతనిని మాత్రమే దూషించుట న్యాయము కాదు. పంజరమునెదుట నాణెము పట్టుకొని నిలిచిన గృహస్థుడే ఆ వర్తకమునకు మూలధనము. కొనువాడు లేనిచో పట్టువాడుండడు.

నమ్మక మంతయు హింసకే దారితీయునని మే మనము. వీరాపురమువారు కొంగలు వచ్చినయేడు శుభమని తలంచి, తమ యిండ్లమీదికి వ్రాలిన చెట్లలో వానిని గూడుకట్టనిచ్చి, రాయి విసరనీయక తరతరములుగ కాపాడుచున్నారు. అచ్చటికి సమీపమున లేపాక్షి గలదు. ఱెక్కలు తెగి నేలబడిన జటాయువును రాముడు "లే పక్షీ" యని లేవనెత్తినచోటని అచ్చటి జనుల చెప్పుకోలు. ఆ కథ విని కన్నీరు పెట్టు జనము, పండుగనాడు ఱెక్కలు తెగిన పిట్టకు నమస్కరించుట యెట్టి విపరీతము! అదే నమ్మకము ఒకయూర పక్షికి కావలియగుచున్నది, మఱియొకయూర సంకెలయగుచున్నది. భేద మెచ్చటనన, వీరాపురమువారు పక్షిని దాని చోట దానిని బ్రదుకనిచ్చి చూచుచున్నారు. మఱియొకచోట మనుష్యుని చోటికి దానిని కట్టితెచ్చి చూచుచున్నారు.

6. చేయదగిన పనులు

చదువరులారా, దీనికి సభలు పెట్టవలసిన యవసరము లేదు. పంజరములోని పిట్టను డబ్బిచ్చి చూడకుడు. చూచితిమని పుణ్యము లెక్కింపకుడు. అట్టి వర్తకము కనబడినచో అటవీశాఖవారికి తెలియజేయుడు. పెరటిలోని యెండిన చెట్టు తొఱ్ఱను పాలపిట్ట గూటికై విడువుడు. అది మీ చేలలోని మిడుతలకును పురుగులకును వెలలేని కావలివాడు. బిడ్డలు నెమలీకను పుస్తకములో దాచినచో లాగుకొనకుడు. భూతద్దమొకటి చేతికిచ్చి పోగులను, కొక్కెములను, చారలను చూపుడు. అది పిల్లలు పెట్టకున్నను ప్రశ్నలు పెట్టును. ప్రశ్నించుట నేర్చిన బిడ్డ యే పక్షియొక్క ఱెక్కను కత్తిరింపడు.